సేవా విభాగం వార్షిక నివేదిక

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులందరికీ వందనాలు.

పోయిన సర్వసభ్య సమావేశంలో చేసిన తీర్మానం ప్రకారం ఈ నివేదికలో పనిచేసినవారి పేర్లు రాయడం లేదు. పేర్లు లేకుండా కృతజ్ఞతలు చెప్పడం కార్యదర్శికి ఎంత ఇబ్బందో మీరే చూస్తారు. "పేర్లే వద్దనుకున్నాక ఇక నివేదిక దేనికి?" అని ఒక సభ్యుడు అడిగారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చూడండి. యొప్పే పట్టణంలో, పేదలకు మేలు చేసే శిష్యురాలు దొర్కా చనిపోయినప్పుడు, ఆమె కుట్టిన అంగీలనూ వస్త్రాలనూ పేతురుకు చూపించింది విధవరాండ్రు. బతికుండగా ఆమె వాటిని చూపించుకు తిరిగినట్టు ఎక్కడా లేదు. మేలు పొందినవాళ్లు చెప్పుకోవడంలో తప్పులేదు, ఈ నివేదిక కూడా అందుకే.

ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం) అయిపోయి అందరం బయట పలకరించుకుంటుంటే, వెనక గదిలో ఆ చిన్న గ్లాసులు ఒక్కొక్కటీ వేలు పెట్టి కడిగి గుడ్డమీద బోర్లించినవారికి వందనాలు. రోగుల పక్కన రాత్రంతా కూర్చుని తెల్లారేసరికి వెళ్లిపోయినవారికి, కుర్చీలు సర్దినవారికి, మైకు వైర్లు చుట్టినవారికి వందనాలు. ఇంకా రాయాలని ఉంది. కానీ ఆనవాళ్లు చెబితే పేరు చెప్పినట్టే.

ఈ ఏడాది గర్వంగా (ఆ మాట వాడొచ్చో లేదో!) చెప్పుకోదగ్గది ఈస్టరుకు ముందు వచ్చే పరిశుద్ధ గురువారం ఆరాధన. యోహాను సువార్త 13లో ప్రభువు శిష్యుల పాదాలు కడిగినట్టే మనమూ ఒకరి పాదాలు ఒకరం కడిగాం. కడగడానికి పోటీపడ్డారు గానీ, కూర్చుని చెప్పులు విప్పమంటే ఎవరూ కదల్లేదు. పేతురు కూడా మొదట ఒప్పుకోలేదు కదా. చివరికి ఒక పెద్దాయన కూర్చున్నారు. పగిలిన మడమలు కనబడతాయని పాదాలు వెనక్కి లాక్కుంటుంటే, కడిగే కుర్రాడు ఏమీ అనకుండా తువ్వాలు కప్పి, వేళ్ల సందులు కూడా నెమ్మదిగా తుడిచాడు. ఆ తర్వాత లైను కట్టారు. ప్రభువును అప్పగించబోయే యూదా ఇస్కరియోతు అప్పటికింకా ఆ గదిలోనే ఉన్నాడనీ, అతని పాదాలు కూడా ప్రభువు కడిగాడనీ కాపరిగారు గుర్తుచేస్తే చాలామంది తలలు దించుకున్నారు. ఫొటోలు వద్దని ముందే చెప్పాం. అయినా ఒకటి స్టేటస్‌లో కనిపించింది, తీయించాం.

లెక్కలు ఆడిట్ అయ్యాయి, నోటీసు బోర్డులో ఉన్నాయి. దాతల జాబితా పెట్టలేదు.

శనివారం శుభ్రం చేయడానికి పేర్లిచ్చినవారిలో సగానికి పైగా ఒక్కసారి కూడా రాలేదు. వేదికమీద కూర్చునేవారి జాబితాకు మాత్రం ఎన్నడూ కొరత లేదు. ప్రధానత్వం కోరుకున్న దియొత్రెఫే గురించి యోహాను మూడో పత్రికలో ఉంది, ఊరికే గుర్తొచ్చింది. వెనక గదిలో కుళాయి బాగుచేయించమని పెద్దల కమిటీకి ఎన్నిసార్లు రాసినా జవాబు లేదు. గ్లాసులు కడిగేవాళ్లు నీళ్లు బకెట్లతో మోసుకుంటున్నారు.

వచ్చే ఏడాది విభాగంలో చేరాలనుకునేవారు ఆరాధన తర్వాత నన్ను కలవండి. శనివారాలు రాగలిగితేనే పేరు ఇవ్వండి.

ప్రభువు సేవలో,
కార్యదర్శి