2024–25 వార్షిక నివేదిక: కోరింగ పరిసర ప్రభుత్వ పాఠశాలలకు చిరు గ్రాంట్లు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారములు.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఈ ఏడాది కూడా తాళ్లరేవు, కాకినాడ పరిసరాల్లోని జిల్లా పరిషత్, మండల పరిషత్ పాఠశాలల ఉపాధ్యాయులకు, సముద్ర తీరపు ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవుల పాఠం చెప్పేందుకు చిన్న మొత్తాలు అందించాము. ఆ సొమ్ముతో వారు భూతద్దాలు, నీటి ఉప్పదనం కొలిచే హైడ్రోమీటర్లు, కొలత టేపులు కొనుక్కున్నారు. అయితే ఎక్కువ భాగం పిల్లల బస్సు ఖర్చులకే వెళ్లింది. ఇది విహారయాత్ర ఖర్చని కొందరు సభ్యులు అభ్యంతరం తెలిపారు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన, సుమారు 235 చదరపు కిలోమీటర్ల కోరింగ మడ అడవి ఇంత దగ్గరలో ఉన్నా, ఒక్కసారీ అందులో అడుగుపెట్టని పిల్లలకు సంరక్షణ పాఠం బొమ్మల్లో చెబితే సరిపోతుందని నేను అనుకోను.

ఫిబ్రవరిలో జరిగిన క్షేత్ర దినం మనందరికీ గర్వకారణం. ఆటు సమయం ముందే చూసుకుని వచ్చిన ఉపాధ్యాయులు, అనుమతి ఉన్న గట్టు వెంట మీటరు చదరపు వెదురు చట్రాలు పెట్టించి, ఒక్కో చట్రంలో బురదలోంచి పైకి లేచిన తెల్లమడ శ్వాసవేర్లను పిల్లలచేతనే లెక్కపెట్టించారు. కాలువ అంచున చిక్కగా ఉన్న వేర్లు గట్టు వైపు ఎందుకు పలుచబడ్డాయని ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగితే, మాస్టారు జవాబు చెప్పకుండా రెండు చోట్లా నీటి ఉప్పదనం కొలిచి చూడమన్నారు. ఆకు తెంపకుండా దాని మీద పేరుకున్న ఉప్పును వేలితో తాకి రుచి చూసినవారు, ఉప్పుపొన్న అనే మడ చెట్టు గింజ చెట్టున ఉండగానే మొలకెత్తడం చూసినవారు ఆ పాఠం మరచిపోరు. రొయ్య, పీత పిల్లలు ఈ వేర్ల మధ్యే పెరిగి పెద్దవై ఏటిలోకి, సముద్రంలోకి వెళతాయని అక్కడి మత్స్యకారులు స్వయంగా చెప్పారు. వారికి, దారి చూపిన అటవీ క్షేత్ర సిబ్బందికి, ఆ రోజు అన్నం వండి పంపిన మధ్యాహ్న భోజన కార్మికులకు, సెలవు రోజున జీతం లేని పనికి వచ్చిన ఉపాధ్యాయులకు, విరాళాలు పంపిన విదేశాల్లోని మన ఊరివారికి సంఘం పక్షాన హృదయపూర్వక కృతజ్ఞతలు.

ఒక బాధ కూడా చెప్పక తప్పదు. పిల్లలను బయటికి తీసుకువెళ్లే అనుమతి లేఖ ఒక బల్ల నుంచి మరో బల్లకు తిరిగినంత కాలం తేదీ ఖరారు కాక, రెండు పాఠశాలలు ఈసారికి విరమించుకున్నాయి. గత సమావేశంలో చేయెత్తి పేరు రాయించుకున్న సభ్యుల్లో చాలామంది ఆ రోజు కనిపించలేదు. బురదలో నడిచే పిల్లలకు పెద్దల తోడు ఎంత అవసరమో వారికి తెలియనిది కాదు. రాలేకపోతే ముందుగా ఒక్క మాట చెప్పాలని మనవి.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ గారి సంతకంతో అనుబంధంలో ఉంది. కోశాధికారి గారు వివరిస్తారు.

వచ్చే ఏడాది ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం దగ్గరి పాఠశాలలకు కూడా గ్రాంట్లు ఇవ్వాలన్నది కార్యవర్గ ప్రతిపాదన. దరఖాస్తు ఒక్క పేజీ, ప్రధానోపాధ్యాయుల సంతకం చాలు. బిల్లులు పని పూర్తయ్యాక ఇవ్వవచ్చు. ఈ ప్రతిపాదనను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి