మిర్రర్ మార్చే ముందు ఇది చదువు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ఉబుంటులో అప్‌డేట్ నత్తనడక నడుస్తోందనీ, ఒక్కోసారి మధ్యలో "హ్యాష్ సమ్ మిస్‌మ్యాచ్" అంటూ ఆగిపోతోందనీ రాశావు. లినక్సే వదిలేద్దామన్నంత విసుగొచ్చిందన్నావు చూడు, అది చదివాక ఊరుకోలేక వెంటనే రాయడానికి కూర్చున్నాను. టెన్షన్ పడకు. ఇలాంటప్పుడు చాలావరకు తేడా మన సిస్టమ్‌లో ఉండదు, మనం దించుకుంటున్న మిర్రర్‌లో ఉంటుంది.

ప్యాకేజీల (మనం దించుకునే సాఫ్ట్‌వేర్ మూటల) అసలు భండారానికి ప్రపంచమంతటా నకళ్లున్నాయి. వాటినే మిర్రర్లంటారు. విశ్వవిద్యాలయాలు, ఇంటర్నెట్ కంపెనీలు, కొన్ని చోట్ల సొంత ఆసక్తి కొద్దీ మామూలు మనుషులు తమ డిస్కు, తమ బ్యాండ్‌విడ్త్ ఇచ్చి వీటిని నడుపుతారు. మన దగ్గర పైసా తీసుకోరు. ఇంతమంది ఇంత ఓపికగా చేస్తున్న ఈ పని నాకు ఎప్పుడూ గొప్పగానే అనిపిస్తుంది.

చిక్కల్లా నకలు ఎంత తాజాగా ఉందన్న దగ్గరే. ఉబుంటుకు మూలమైన డెబియన్ భండారమైతే రోజుకు 4 సార్లు మారుతుంది. మిర్రర్లు ఆ మార్పులను ఆర్‌సింక్ అనే నకలు తీసే ప్రోగ్రామ్‌తో తెచ్చుకుంటాయి. పద్ధతిగా నడిచే మిర్రర్ ముందు ప్యాకేజీలను తెచ్చుకుని, అవన్నీ చేరాకే జాబితాలను మారుస్తుంది. అన్నీ కలిపి ఒకేసారి లాగే మిర్రర్‌ దగ్గరికి నువ్వు ఆ సమయంలో వెళ్లావనుకో, జాబితాల లెక్క ఉండే, సంతకమున్న రిలీజ్ ఫైల్ కొత్తది, ప్యాకేజీల జాబితా పాతది వస్తాయి. లెక్క కుదరదు, ప్యాకేజీలు దించే ఆప్ట్ అనే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది. మధ్యలో ఏదైనా ప్రాక్సీ (దారిలో ఉండే మధ్యవర్తి సర్వర్) పాత ఫైల్ దాచుకుని ఇచ్చినా ఇదే కథ. కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తే సరిపోవచ్చు. తరచూ వస్తోందంటే మాత్రం మిర్రర్ మార్చాల్సిందే.

అందుకే నా మాట విని వేగం కంటే ముందు తాజాదనం చూడు. ఉబుంటు మిర్రర్ల జాబితా లాంచ్‌ప్యాడ్ అనే వాళ్ల సైట్‌లో ఉంటుంది. ఏది తాజాగా ఉందో, ఏది వెనకబడిందో అందులో ఒక్కో దాని పక్కనే రాసి ఉంటుంది. ఆర్చ్ అనే ఇంకో రకం లినక్స్ వాళ్లు ఇంకా బాగా చేశారు. ఏ మిర్రర్ చివరిసారి ఎప్పుడు సింక్ అయింది, ఎంత ఆలస్యంగా నడుస్తోంది అన్నవి కలిపి స్కోరు ఇస్తారు. రిఫ్లెక్టర్ అనే ప్రోగ్రామ్ ఆ వివరాలు చూసుకుని మంచివి ఏరి మిర్రర్‌లిస్ట్ ఫైల్ రాసిపెడుతుంది.

ఇక వేగం. మ్యాప్‌లో దగ్గరున్నంత మాత్రాన నెట్‌వర్క్‌లో దగ్గరనుకోకు. మన ఇంటర్నెట్ కంపెనీకి పక్క ఊరి సర్వర్‌తో నేరుగా లింకు లేకపోతే డేటా ఎక్కడెక్కడో తిరిగి వస్తుంది. పింగ్‌ని కూడా పూర్తిగా నమ్మకు. మొదటి జవాబు ఎంత త్వరగా వచ్చిందన్నదే అది చెబుతుంది, వంద ఎంబీ ఫైల్ ఎలా పారుతుందో చెప్పదు. ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఫాస్టెస్ట్‌మిర్రర్ ఆప్షన్ ఆన్ చేయమని చాలామంది సలహా ఇస్తారు గానీ, దాంతో ఫెడోరా సర్వర్ మనకోసం పేర్చి పంపిన వరస పక్కకు పోతుందని అక్కడ ఆప్ట్ పని చేసే డీఎన్ఎఫ్ మాన్యువల్‌లోనే ఉంది. నా వరకు అక్కడ దాన్ని ముట్టుకోకపోవడమే మేలు. ఉబుంటులో అయితే "సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్" తెరిచి, "డౌన్‌లోడ్ ఫ్రమ్" దగ్గర "అదర్" నొక్కితే "సెలెక్ట్ బెస్ట్ సర్వర్" కనిపిస్తుంది. అది చూపిన పేరును తీసుకెళ్లి లాంచ్‌ప్యాడ్‌లో సరిచూసుకుని, అప్పుడు ఖాయం చేసుకో.

ముక్కూ మొహం తెలియని సర్వర్ నుంచి దించుకోవడం క్షేమమేనా అని కూడా అడిగావు. మంచి ప్రశ్న. రిలీజ్ ఫైల్ మీద ఉబుంటు వాళ్ల డిజిటల్ సంతకం ఉంటుంది. అందులో జాబితాల హ్యాష్‌లు (ఫైల్ మారితే తామూ మారిపోయే వేలిముద్రల్లాంటివి), జాబితాల్లో ప్యాకేజీల హ్యాష్‌లు ఉంటాయి. మిర్రర్ నడిపేవాడు ఏ ప్యాకేజీని మార్చినా ఆప్ట్ పట్టేస్తుంది. అయితే మార్చకుండానే హాని చేసే దారి ఒకటుంది. పాత నకలునే అలాగే చూపిస్తూ, సెక్యూరిటీ అప్‌డేట్లు మనదాకా రాకుండా ఆపేయడం. 2008లో అరిజోనా విశ్వవిద్యాలయం పరిశోధకులు లేని కంపెనీ పేరుతో మిర్రర్ పెడితే, పేరున్న డిస్ట్రోలు (లినక్స్ రకాలు) దాన్ని తమ అధికారిక జాబితాల్లో చేర్చుకున్నాయి. వేలాది కంప్యూటర్లు వచ్చి దాన్ని తట్టాయి.

కాబట్టి ఏ మిర్రర్ పెట్టుకున్నా, సెక్యూరిటీ డాట్ ఉబుంటు డాట్ కామ్ అడ్రస్‌ను మాత్రం కదపకు. మిర్రర్ వెనకబడినా భద్రతకు సంబంధించినవి నేరుగా వచ్చేస్తాయి. హెచ్‌టీటీపీఎస్ (దారిలో ఎవరూ చెయ్యి పెట్టకుండా కాపాడే కనెక్షన్) ఇచ్చే మిర్రర్ దొరికితే దానికే ఓటు. 2019లో ఆప్ట్‌లోనే ఒక లోపం బయటపడింది. దారిలో ఉన్నవాడు హెచ్‌టీటీపీ జవాబును మార్చి మన మిషన్‌లోకి తన ప్యాకేజీ దూర్చే వీలుండేది. దాన్ని వెంటనే సరిచేశారు గానీ, ఇంకో తలుపు వేసి ఉంటే మంచిదేగా.

నీది ఉబుంటు 24.04 అయితే పాత సోర్సెస్ డాట్ లిస్ట్‌లో వెతక్కు. అడ్రస్‌లు ఇప్పుడు సోర్సెస్ డాట్ లిస్ట్ డాట్ డీ ఫోల్డర్‌లోని ఉబుంటు డాట్ సోర్సెస్ ఫైల్‌లో ఉంటాయి. ముందు దానికో కాపీ తీసి హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకుని, ఆ తర్వాతే చెయ్యి పెట్టు. మార్చాక సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టి, ఆప్ట్ పాలసీ అని ఇస్తే ఏది ఎక్కడి నుంచి వస్తోందో కనిపిస్తుంది. ఆ వచ్చింది నాకు పంపు, సెక్యూరిటీ లైన్ సరిగ్గా ఉందో లేదో నేనూ ఒకసారి చూస్తాను.

నీ,
గోపి