పాట నంబర్ వన్, పాడినాయన దివాలా

సంపాదకులు గారికి నమస్కారం.

జమైకా దీవిలో పుట్టిన రెగే సంగీతం ప్రస్తావన వస్తే మన పత్రికలు బాబ్ మార్లే బొమ్మ వేసి సరిపెడతాయి. మార్లేకన్నా ముందే జమైకా పాటను బయటి దేశాల్లో గెలిపించిన డెస్మండ్ డెక్కర్ అనే గాయకుడి గురించి కూడా మీ పత్రికలో రాయమని కోరుతున్నాను. రాస్తే గెలిచిన రోజులతో ఆపేయకుండా ఆ తర్వాతి బతుకు కూడా రాయండి. గొంతునే నమ్ముకున్న మన పిల్లలు తెలుసుకోవలసినదంతా అక్కడే ఉంది.

డెక్కర్ 1941లో పుట్టారు. చిన్న వయసులోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని, కొన్నాళ్లు టైలరు దగ్గర పని నేర్చుకుని, తర్వాత జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో వెల్డింగ్ పనిలో చేరారు. పనిలో పాడుకుంటుంటే విన్న తోటివాళ్లు స్టూడియోకి వెళ్లమని పోరారు. 1961లో కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్ అనే రికార్డు నిర్మాతలిద్దరూ కాదు పొమ్మన్నారు. లెస్లీ కాంగ్ అనే నిర్మాత చేరదీసినా మొదటి రికార్డు 1963లో గానీ రాలేదు. తన అవకాశం కోసమే ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో, తనతో వెల్డింగ్ చేసే మరో కుర్రాణ్ని కూడా కాంగ్ దగ్గరికి పంపారాయన. ఆ కుర్రాడే మార్లే. ఈ ఒక్క సంగతికే డెక్కర్ మీద నాకు ఎంతో గౌరవం.

పొద్దున్నే లేచి గొడ్డుచాకిరీ చేసినా ఇంటిల్లిపాదికీ తిండి పెట్టలేని మనిషి గోడు ఆయన పాడిన ‘ఇజ్రాయలైట్స్’. పార్కులో ఒక జంట డబ్బు గురించి గొడవపడుతుంటే విని, ఇల్లు చేరేలోగా కట్టిన పాట అని ఆయనే చెప్పారు. 1969 ఏప్రిల్‌లో అది బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది, అమెరికాలో తొమ్మిదో స్థానం దాకా వెళ్లింది. జమైకా యాస సగం అర్థం కాకపోయినా జనం ఆ పాట కొనుక్కున్నారు. డెక్కర్ ఇంగ్లండ్‌లోనే స్థిరపడ్డారు. 1971లో కాంగ్ హఠాత్తుగా పోయాక విజయాలు తగ్గాయి. 1975లో అదే పాట మళ్లీ విడుదలై మళ్లీ మొదటి పదిలోకి వచ్చింది. 1984లో ఆయన దివాలా తీశారు! 2006లో లండన్‌లో చనిపోయేదాకా కచేరీలు చేస్తూనే ఉన్నారు.

ఆ దివాలాకు పాత ఒప్పందాలే కారణమని నేననను. కానీ అప్పటి జమైకాలో గాయకుడి చేతిలో ఇంత పెట్టి పంపేయడమే రివాజు. 1993లో సొంత కాపీరైట్ చట్టం తెచ్చుకునేదాకా ఆ దేశంలో నడిచింది 1911 నాటి బ్రిటిష్ చట్టమే.

మనకు ఆ ఇబ్బంది లేదు, చట్టం ఉంది. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, పాడినవారి పాటను వ్యాపారానికి వాడుకుంటే వారికి రాయల్టీ, అంటే ఆ రాబడిలో వాటా, రావాలి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి, అందులో రాయల్టీ సంగతి తేల్చి చెప్పాలి. ఎన్నేళ్లకని రాయకపోతే ఐదేళ్లకే అని లెక్క. ఏ ప్రాంతానికని రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. ఈ రెండు సంగతులు తెలిసిన జానపద గాయని ఒక్కరైనా మా చుట్టుపక్కల నాకు కనిపించలేదు. యూట్యూబ్ ఛానెల్ కోసం పాడతారు, ఒకసారి డబ్బు తీసుకుంటారు, కాగితం అడగరు. అడిగితే మళ్లీ పిలవరేమోనని భయం. ఆ తర్వాత ఆ పాట పెళ్లి బరాత్‌లో, గణపతి మండపంలో, దుబాయ్‌లో ఉన్న మనవాళ్ల ఫోన్లలో మోగుతూనే ఉంటుంది. పాడిన అమ్మాయి మాత్రం పొద్దున్నే కూలికి పోతుంది.

అందుకే నా విన్నపం. తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ ఒక్క పేజీలో, మామూలు తెలుగులో, నమూనా ఒప్పంద పత్రం తయారుచేసి ప్రతి మండలానికీ పంపాలి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇలాంటిదే రావాలి. గడువు, ప్రాంతం, రాయల్టీ వాటా, పాట కింద పాడినవారి పేరు అనే నాలుగు గడులుంటే చాలు. అది వచ్చేలోగా చట్టంలోని ఆ నిబంధనలను మీ జిల్లా పేజీల్లో అచ్చు వేయండి. కత్తిరించి దాచుకుని, స్టూడియోకి వెళ్లేటప్పుడు వెంట పట్టుకెళ్లడానికి వీలుగా ఉంటుంది.

– ఒక పాఠకురాలు, కరీంనగర్