వార్డెన్ గారికి పిల్లలు పుట్టారు

రేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయిందో, ఇప్పుడు రాస్తున్నా, తిట్టుకో, ఎంత తిట్టినా పడతా కానీ ముందు ఇది చదువు. ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా: అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చెల్లి ఉద్యోగం పర్మనెంట్ అయింది, నా థీసిస్ మూడో చాప్టర్ ఇంకా గైడ్ గారి టేబుల్ మీదే ఉంది. అంతే. ఇక అసలు విషయం.

వార్డెన్ గారికి పిల్లలు పుట్టారు రా! 31! నా కళ్ళ ముందే!

ఎక్కడెక్కడ తిరుగుతాయో తెలియడానికి మేం రేడియో పెట్టిన రక్తపింజర పాముల్లో ఆ పెద్ద ఆడదానికి ఈ పేరు ఎందుకు పెట్టానో నీకొక్కడికే తెలుసు. ఓ మూల కదలకుండా కూర్చుని అందర్నీ చూస్తూ ఉంటుంది, తనని మాత్రం ఎవరూ చూడరు. హాస్టల్ ట్యాంక్ వెనక మనం వార్డెన్‌కి దొరికిపోయిన రాత్రి గుర్తొచ్చిందా? టీమ్‌లో వాళ్ళు ఈ పేరేంటి అని అడిగి అడిగి ఊరుకున్నారు, నేను చెప్తానా.

ఆవిడ పొట్టలో చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంది, వెటర్నరీ డాక్టర్ మత్తిచ్చి ఆపరేషన్ చేసి పెట్టారు. యాంటెన్నా పట్టుకుని పొలాల్లో తిరుగుతుంటే బీప్ బీప్ అని వస్తుంది, దగ్గరికి వెళ్ళేకొద్దీ గట్టిగా. ఇక్కడే, నా బూటు ముందే ఉందని తెలిసినా కనపడదు, ఎండుటాకుల్లో ఆ మూడు వరసల మచ్చలు కలిసిపోతాయి. అలా చూడగా చూడగా ముందు ఒక కన్ను తెలుస్తుంది, తర్వాత తల, ఆ తర్వాత పాము మొత్తం. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం ఒళ్ళు ఝల్లుమంటుంది.

ఎండాకాలం అంతా ఆవిడ ఒక గట్టు పక్క పొదలోనే ఉంది. ఆ గట్టు మీంచే కూలికెళ్ళేవాళ్ళు, స్కూలు పిల్లలు, గేదెలు, అందరూ పోవాలి, మహా అయితే అడుగున్నర దూరం. మేం సిగ్నల్ పట్టుకుని, గుర్తుగా జెండా పాతి, అందర్నీ పక్కనుంచి వెళ్ళమని చెప్పేలోపే ఎంతమంది దాటేశారో. కాటు సంగతి అలా ఉంచు, బుస కూడా కొట్టలేదు. ఈ పాము బుస కొడితే కుక్కర్ విజిలేసినట్టు ఉంటుంది, వినపడకపోవడం అంటూ ఉండదు. దానికి కావాల్సింది ఎలక రా, మనిషి కాలు దానికెందుకు? తొక్కితేనో, చూడకుండా గడ్డిలో చెయ్యి పెడితేనో తప్ప.

కానీ మళ్ళీ, అలా తొక్కడం, చెయ్యి పెట్టడం, రాత్రి లైటు లేకుండా తిరగడం, ఇలాంటివాటి వల్లే కదా మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుకి దాదాపు 12 లక్షల మంది పోయారు. ఎక్కువ పల్లెల్లోనే. ఇదీ నిజమే, అదీ నిజమే. రాత్రి పడుకుంటే రెండూ కలిసి బుర్రలో తిరుగుతాయి, ఒక్కోసారి అసలు నేను... సర్లే, అది ఇంకోసారి రాస్తా.

జూన్‌లో ఒకరోజు పొద్దున్నే వార్డెన్ సిగ్నల్ ఓ గడ్డివాములోంచి వచ్చింది! ఆ వాము ఎవరిదో తెలుసా, పోయిన ఉత్తరంలో రాశానే పెద్దమ్మ అని, కొన్నేళ్ళ కిందట రక్తపింజర కాటేసి బతికి బయటపడిన ఆవిడ, ఆవిడది. పాదం మీద కరిచిందట. ఆస్పత్రిలో గాజు గొట్టంలో కాస్త రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తారు, విషం ఎక్కితే గడ్డకట్టదు. "డాక్టరు గొట్టం వంచితే నా రక్తం జర్రున జారిపోయిందిరా బాబూ, నేను మంచం మీంచి చూశా" అని ఇప్పటికీ చెప్తుంది. తర్వాత కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్ళింది. ఆవిడ్ని బతికించిన మందు గుర్రాలకి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తంలోంచి తీసింది. ఆ విషమేమో చాలావరకు చెన్నై దగ్గర పాములు పట్టే ఇరుల తెగవాళ్ళు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచే వచ్చేది, వాళ్ళు పాముల్ని పట్టి విషం తీసుకుని మళ్ళీ వదిలేస్తారు. ఒకసారి ఇదంతా చెప్తే "అయితే నన్ను కరిచిందీ అదే, బతికించిందీ అదేనా" అని చాలాసేపు ఏం మాట్లాడలేదు.

అలాంటి మనిషికి నీ గడ్డివాములో రక్తపింజర ఉంది అని ఎలా చెప్పాలి చెప్పు! చెప్పా. కొట్టించేస్తుందనే అనుకున్నా. ఆవిడేమో "చూలుతో ఉందా?" అంది. అవునన్నా. ఇవి గుడ్లు పెట్టవు కదా, పిల్లల్నే కంటాయి, ఎక్కువగా జూన్, జూలైల్లోనే. "అయితే కనేదాకా ఆగుదాం. కానీ ఒక్కటంటే ఒక్కటి కూడా నా గడప దాకా రాకూడదు. రాసివ్వు." నిజంగానే నోట్‌బుక్‌లో కాగితం చింపి రాసి సంతకం పెట్టి ఇచ్చా, చదువు రాదు గానీ మడిచి రేకు డబ్బాలో దాచుకుంది. ఆ సాయంత్రమే మేం వాము చుట్టూ సన్నకన్నాల మెష్ కట్టి అడుగు మట్టిలో పూడ్చాం, గేదెలకి మేత అవతలి వాము నుంచి తెచ్చుకున్నారు.

ఇక ఆ రాత్రి. వాన వెలిసింది, పదకొండు దాటింది, ఎర్ర లైటు పెట్టుకుని మెష్ బయట నేనూ పెద్దమ్మా. వద్దన్నా వినకుండా వచ్చి స్టూలేసుకుని కూర్చుంది. ఆవిడ (అదే, వార్డెన్) వాము అంచుకి సగం బయటికొచ్చింది, తోక కాస్త పైకెత్తింది, పక్కలు అలా అలా బిగుసుకుంటున్నాయి. అంతలో ఒక తడి ముద్ద జారింది. పల్చటి పొర, లోపల చుట్ట చుట్టుకుని పిల్ల, ఆ చిన్ని కళ్ళు కూడా తెలుస్తున్నాయి రా! ముక్కుతో పొడిచింది, ఆగింది, మళ్ళీ పొడిచింది, పొర చిరిగి తల బయటికొచ్చి నోరు పెద్దగా తెరిచి మొదటిసారి గాలి పీల్చుకుంది. ఒంటి మీద అమ్మ మచ్చలే, అన్నీ ఉన్నాయి. నా నీడ కదలగానే చుట్టుకుని బుస కొట్టింది చూడు, పుట్టి పది నిమిషాలు కాలేదు! విషంతోనే పుడతాయి, అదీ తల్లి విషంలా ఉండదు, వయసుతో మారుతుంది.

అలా ఒకదాని తర్వాత ఒకటి, తెల్లవారుజాము దాకా.

ఒకటి మాత్రం పొర చింపుకోలేకపోయింది. లోపల కదులుతోంది, ముక్కు తగులుతోంది, చిరగట్లేదు. మేం ఇలాంటప్పుడు చెయ్యి పెట్టకూడదని ముందే అనుకున్నాం. పెద్దమ్మ "పొర చింపరా బాబూ, ఊపిరాడక చచ్చిపోతుంది" అంది. కూడదు పెద్దమ్మా అన్నా. "పిల్లల్ని ఇక్కణ్ణించి మోసుకెళ్ళి గట్టున వదలొచ్చట, పొర చింపకూడదట, ఇదేం లెక్క?" నా దగ్గర జవాబు లేదు రా. పిల్లల్ని ఇంటి దగ్గర్నుంచి తీసేయడం మనుషుల కోసం, ఇది అలా కాదు అని నాకు తెలుసు, కానీ పాము కాటుకి చావు దాకా వెళ్ళొచ్చిన మనిషి పాముపిల్ల కోసం బతిమాలుతుంటే ఆ మాట నోట్లోంచి రాలేదు. పాముల్ని ఎత్తే హుక్ చేతిలోనే ఉంది. కాసేపటికి అది కదలడం ఆపేసింది. పెద్దమ్మ స్టూలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ అదే ఆలోచన, నువ్వు నా ప్లేస్‌లో ఉంటే

సరే. పొద్దున 31 పిల్లల్నీ హుక్‌తో ఒక్కొక్కటిగా మూత బకెట్లోకి తీసి కొలిచి, తూచి (పాతిక సెంటీమీటర్లు లేవు ఒక్కోటి!) అవతలి గట్టు ముళ్ళపొదల్లో వదిలాం, వార్డెన్ తిరిగే మేరలోనే. ముంగిసలూ గద్దలూ కట్లపాములూ చాలావాటిని తినేస్తాయి, పెద్దయ్యేవి కొన్నే. వార్డెన్ గారు ఇంకో రెండు రోజులుండి ఒక రాత్రి తనే వెళ్ళిపోయారు. అది తెలిశాక పెద్దమ్మ రేకు డబ్బాలోంచి నా కాగితం తెచ్చి "అన్నీ వెళ్ళిపోయాయని దీని వెనకాల రాయి, చచ్చిపోయినదాన్ని కూడా లెక్కేసి 32 అని రాయి" అంది. రాశా. గడ్డివాము ఇంటికి దూరంగా, ఎత్తు మంచె మీదకి మారుస్తామన్నారు, మంచిపని, గడ్డి కింద ఎలకలు చేరవు, ఎలకలు లేకపోతే పాముకీ పనుండదు.

విషం శాంపిల్ సంగతి అసలు చెప్పనేలేదు, అదో పెద్ద కథ, పైగా ఇంకో మగపాము సిగ్నల్ నిన్నట్నుంచీ దొరకట్లేదు, చీకటి పడేలోపు వెతకాలి, జీపు వచ్చేసింది. నువ్వొస్తానన్న వారం ఏదో వెంటనే రాయి, నీ సైజు గమ్ బూట్లు తెప్పించి పెట్టా. హారన్ కొడుతున్నాడు, ఉంటా

నీ
రఘు