దీన్ని ‘దొంగతరుగు’ అందాం

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు మిర్చియార్డులో 22 ఏళ్లు గుమస్తాగా చేశాను. కాటా అయ్యాక టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, ఇంత బరువని కోస్తే దాన్ని ‘తరుగు’ అంటారు. ఆ మాట రైతుకు తెలుసు కాబట్టే, ఎందుకు కోశారని నిలబడి అడుగుతాడు.

మొన్న బ్రాడీపేటలో మనవరాలికి 10 రూపాయల బిస్కట్ ప్యాకెట్ కొన్నాను. ధర అదే, రంగు అదే. వెనక చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న బరువును ఇంట్లో పాత కవరుతో పోల్చి చూస్తే 12 గ్రాములు తక్కువ! దీన్ని ఇంగ్లిషులో ‘ష్రింక్‌ఫ్లేషన్’ అంటారని మా అబ్బాయి చెప్పాడు. మా ఆవిడకు ఆ మాట నోరు తిరగలేదు. ‘దొంగతరుగు’ అన్నాను. చప్పున అర్థమైంది. సాయంత్రానికి పక్కింటావిడ కూడా అదే మాట అంటోంది.

ఆన్‌లైన్ కొనుగోళ్లలో మనం అడగని వస్తువును బిల్లులోకి చేర్చడం లాంటి 13 రకాల మాయలను 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు నిషేధించాయి. వాటిని పత్రికలు ‘డార్క్ ప్యాటర్న్స్’ అనే రాస్తున్నాయి. మోసపోయేది మాలాంటివాళ్లమైనప్పుడు పేరు మాకు తెలియాలి కదా! అడగనిది చేర్చడాన్ని ‘బుట్టమోసం’ అనవచ్చు. మీ వాణిజ్య పేజీలో తెలుగు మాట కూడా వేయండి. ఇంతకన్నా మంచివి పాఠకులే పంపుతారు, అడిగి చూడండి.

– ఒక విశ్రాంత గుమస్తా, కొరిటెపాడు, గుంటూరు