ఆ తలుపుల వెనక మనుషులున్నారు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత సైన్స్ ఫిక్షన్ సీరియల్స్ మీద వేసిన వ్యాసం చదివాను. బాగానే ఉంది గానీ ఒక్క మాట దగ్గర మాత్రం ఒళ్లు మండింది సార్, "ఆ అట్టముక్కల సెట్లు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది" అన్నారు. నవ్వొస్తే రానివ్వండి, నాకూ వస్తుంది, కానీ చిన్నప్పుడు నన్ను పట్టేసుకున్నవి ఆ అట్టముక్కలే, అది చెప్దామనే ఈ ఉత్తరం.

అప్పుడు నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు. స్టార్ ట్రెక్, అదే అంతరిక్ష ఓడలో గ్రహాలు తిరిగేవాళ్ల అమెరికా సీరియల్, నేను మొదటి ఎపిసోడ్ నుంచి చూసినవాణ్ణి కాదు, అసలు దాని పేరు స్టార్ ట్రెక్ అనే తెలీదు. మంచినీళ్లు తాగుదామని వెళ్తుంటే ముందుగదిలో టీవీ నడుస్తోంది, ఎపిసోడ్ అప్పటికే సగం అయిపోయింది, పసుపు చొక్కా ఆయన గట్టిగా ఏదో అరుస్తున్నాడు, పక్కన నీలం చొక్కాలో మొనదేలిన చెవులాయన మాత్రం ఒక కనుబొమ్మ పైకెత్తి తాపీగా చూస్తున్నాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఈయనకి కంగారెందుకు లేదు అన్నదొక్కటే నా బాధ. ఇంతలో నలుగురూ వెళ్లి గుండ్రటి బిళ్లల మీద నిలబడ్డారు, ఒంటినిండా మిణుకుమిణుకుమని మెరుపులు, మాయం! మళ్లీ ఎక్కడో రాళ్ల మధ్య తేలారు. నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను, నీళ్లు తాగానో లేదో ఇప్పటికీ గుర్తులేదు.

ఆ మాయమయ్యే యంత్రం ఎందుకు పుట్టిందో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. ప్రతి వారం ఓడని ఒక కొత్త గ్రహం మీద దించి చూపించాలంటే ఖర్చు భరించలేరు, అందుకని అసలు దించడమే మానేసి మనుషుల్నే పంపేశారు! ఆ మెరుపులేమో అల్యూమినియం పొడి, నల్లటి తెర ముందు పైనుంచి రాలుస్తూ కెమెరాని తలకిందులుగా పెట్టి స్లో మోషన్లో తీశారట. ఆ ఓడలో డాక్టరు మెకాయ్ చేతిలో ఉండే ఆపరేషన్ సామాను సంగతైతే ఇంకా బాగుంటుంది. 1966 సెప్టెంబర్ 8న అమెరికాలో వచ్చిన మొట్టమొదటి ఎపిసోడ్లో ఉప్పు కోసం మనుషుల్ని చంపే ఒక జీవి ఉంటుంది, దానికోసం వింత ఆకారాల్లో ఉప్పు డబ్బాలు కొనుక్కొచ్చారు, తీరా చూస్తే అవి ఉప్పు డబ్బాలని జనం పోల్చుకోలేరేమో అని డౌట్ వచ్చి మామూలు డబ్బా వాడేసుకుని వీటిని డాక్టరు గారికి ఇచ్చేశారు. డబ్బులుంటే ఇన్ని ఐడియాలు వచ్చేవా చెప్పండి.

ఇంకోటి, మీ వ్యాసంలో "మూడు సీజన్లకే ఆగిపోయింది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మొత్తం 79 ఎపిసోడ్లు, నిజమే. కానీ రెండో సీజన్ తోనే ఎత్తేస్తారని తెలిసి చూసేవాళ్లు ఎన్‌బీసీ చానల్‌కి కుప్పలుతెప్పలుగా ఉత్తరాలు రాశారు సార్, ఆ తర్వాతే మూడోది వచ్చింది. ఉత్తరాలు రాసేవాళ్లకి ఆ మాత్రం పేరు రావాలి కదా (ఇది నా కోసం కూడా అడుగుతున్నాననుకోండి).

ఇక అసలు విషయం. ఆ ఓడలో తలుపులు మనిషి దగ్గరికి రాగానే ష్ష్ మని వాటంతటవే పక్కకి జరుగుతాయి. మాకు పిచ్చి పట్టించింది అదే. మా ఇంట్లో ఒక పాత జరిగే తలుపు ఉండేది, కిర్రుమనేది, మా తమ్ముణ్ణి దాని వెనక నిలబెట్టి నేను కెప్టెన్ లాగా ఛాతీ విరుచుకుని నడిచొచ్చేవాణ్ణి, వాడు నోటితో ష్ష్ అంటూ లాగాలి. ఒక్కోసారి వాడు పరధ్యానంలో ఉంటే నా ముక్కు పోయి తలుపుకి తగిలేది, తర్వాత జరిగే యుద్ధం మీకు చెప్పక్కర్లేదు. వంతు మార్చుకుందాం అని వాడు ఎన్నిసార్లు బతిమాలినా ఒప్పుకోలేదు నేను, కెప్టెన్ ఒక్కడే ఉంటాడు అనేవాణ్ణి.

ఆ సెట్లో కూడా తలుపులు లాగింది మనుషులేనట! పక్కన కనపడకుండా నిలబడి చేత్తోనే లాగేవాళ్లు, ష్ష్ సౌండు తర్వాత కలిపేవాళ్లు. వాళ్లు ఆలస్యం చేసినప్పుడు నటులు పోయి తలుపుకి గుద్దుకున్న షాట్లు కూడా ఉన్నాయి, చూశాను.

మీ వ్యాసం చదివిన రోజు రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే నా జీతం బాకీ ఉన్నావన్నమాట అన్నయ్యా" అన్నాడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు