ఛాయ్ తాగిరా పో తమ్మీ అన్న అక్కకు కృతజ్ఞతలు

అమ్మను నిన్న రాత్రి ఇంటికి తీసుకొచ్చాం. 17 రోజుల తర్వాత సొంత మంచం మీద పడుకుంది. నాకు ఇంకా సరిగా నిద్ర లేదు, ఎక్కడైనా తప్పులుంటే సర్దుకొని చదవండి. ఆలస్యం చేస్తే కొందరిని మర్చిపోతానని ఇప్పుడే రాస్తున్నా.

చాలామంది ఫోన్ చేసి ఏమైందని అడిగారు, అందరికీ ఒకేసారి చెప్తాను. అమ్మకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. కుడి మోకాలు ఎప్పటినుంచో నొప్పే. గుజ్జు అరిగిపోయిందని ఊళ్లోనే ఒక క్లినిక్‌లో మోకాల్లోకి ఇంజెక్షన్ వేయించుకుంది. తర్వాత వారానికి మోకాలు వాచి, ఎర్రబడి, చెయ్యి పెడితే వేడిగా తగిలేది. చలి జ్వరం కూడా. కాలు కొంచెం కదిలిస్తే చాలు అరిచేది. మూడు చోట్ల తిరిగాం. మూడు చోట్లా మళ్లీ ఎక్స్‌రే, మళ్లీ అవే నొప్పి బిళ్లలు, ఒకచోట యూరిక్ యాసిడ్ ఏమో అన్నారు, ఇంకోచోట ఎమ్మారై రాశారు. అలా 9 రోజులు పోయాయి.

హైదరాబాద్‌లో చేరిన సాయంత్రం డ్యూటీలో ఉన్న ఆర్థో డాక్టర్ మోకాలు పట్టుకొని చూసి, మేము మోసుకెళ్లిన కవర్లు పక్కన పెట్టి, ముందు సూదితో నీళ్లు తీయాలన్నారు. తీస్తే వచ్చింది మజ్జిగలా ఉంది. మామూలుగా కీళ్లలో ఉండే ద్రవం లేత పసుపు రంగులో, అవతలి వైపు కనిపించేంత తేటగా ఉంటుందట. అందులో తెల్ల కణాలెన్ని, సూక్ష్మక్రిములున్నాయా, గౌట్ (యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే కీళ్ల జబ్బు) స్ఫటికాలున్నాయా చూడమని అప్పటికప్పుడే ల్యాబ్‌కు పంపారు. కణాలు 50,000 దాటాయి. కీలులో చీము. సెప్టిక్ ఆర్థరైటిస్ అన్నారు. ఇంజెక్షన్ వల్లే వచ్చిందా అని అడిగితే, ఖచ్చితంగా చెప్పలేం, షుగర్ ఉన్నవాళ్లకు వేరే చోటి ఇన్ఫెక్షన్ రక్తంలోంచి కూడా రావచ్చన్నారు. ఏ క్రిమో తేల్చే కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుందని, అందాకా ఆగకుండా ఆ రాత్రే ఆర్థ్రోస్కోపీ చేశారు. మోకాలికి రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, లీటర్ల కొద్దీ సెలైన్‌తో లోపలంతా కడిగారు. తర్వాత రెండు వారాలు నరానికి యాంటీబయాటిక్స్. ఇప్పుడింకో నాలుగు వారాలు బిళ్లలు.

అసలు చెప్పాలనుకున్నది ఇది కాదు.

అమ్మది ఆడవాళ్ల వార్డు. ఒక్కరికే పాస్ ఇస్తారు, రాత్రి 9 దాటితే మగవాళ్లు బయట వరండాలో ఉండాలి. నా భార్యకు పురిటి మంచం దిగి నెల కాలేదు, చెల్లి మస్కట్‌లో ఉంది. కాబట్టి నేనొక్కడినే. పక్క బెడ్‌లో తుంటి ఎముక విరిగిన ముసలమ్మ. ఆమెను చూసుకుంటున్న కోడలే ఈ అక్క. దేవరకొండ వైపు ఊరు. ఎర్ర అంచు నేత చీర, చేతిలో చిన్న బటన్ ఫోన్. మొదటి రోజు నుంచే రోజుకు నాలుగైదు సార్లు నా దగ్గరికొచ్చి "తమ్మీ, జర పోయి ఛాయ్ తాగిరా పో" అనేది. నేను అలసిపోయానని అంటోంది అనుకున్నాను. వద్దక్కా, ఇప్పుడే తాగాను అన్నా వినేది కాదు. "మళ్ల తాగు, పో" అని పంపేసేది.

మూడో రోజు రౌండ్స్‌లో డాక్టర్ కోప్పడ్డారు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) పెరిగింది, ఈ మందులకు నీళ్లు బాగా పడాలి, ఆమె ఎందుకు తాగట్లేదని. నేనేమో బాటిల్ నింపి పెడుతూనే ఉన్నాను. డాక్టర్ వెళ్లాక అక్క నన్ను మెట్ల దగ్గరికి పిలిచి "మీ అమ్మ నీళ్లెందుకు తాగుతలేదో ఎరుకేనా తమ్మీ?" అంది. అమ్మకు బెడ్‌పాన్ పెట్టమని కొడుకును అడగడానికి సిగ్గు. ఆయాను పిలిస్తే ఎప్పుడొస్తుందో తెలియదు. అందుకని రెండు రోజులు గొంతు తడుపుకొని వదిలేసింది. అక్క అది కనిపెట్టింది. నన్ను ఛాయ్‌కి పంపిన ప్రతిసారీ తెర లాగి, తనే బెడ్‌పాన్ పెట్టి, తనే కడిగి తెచ్చింది. ఎవరో తెలియని మనిషికి. అత్త పనంతా ఒక్కతే చేసుకుంటూ. "పెద్దమ్మకు చెప్పిన, నేనున్న కదా, తాగు అని. ఇగ తాగుతది" అంది. నేను ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఏడుపు ఆగలేదు. అక్క ఇంకేమీ అనలేదు, కొంగు సవరించుకొని వార్డులోకి వెళ్లిపోయింది.

ఎనిమిదో రోజు వాళ్లను డిశ్చార్జ్ చేశారు. నేను కింద మందుల లైన్లో ఉన్నాను, పైకొచ్చేసరికి బెడ్ ఖాళీ. పోయే ముందు అమ్మకు తల దువ్వి జడ వేసిందట, అటు పక్క బెడ్ ఆమెకు "ఈమెను జర చూసుకో" అని అప్పజెప్పి వెళ్లిందట. నంబర్ తీసుకోలేదు. పేరైనా అడగలేదు, అక్కా అనే పిలిచాను. అమ్మ నిన్న దారి పొడవునా ఆమె గురించే అడుగుతోంది.

ఒక్క మాట మాత్రం అనాలి. ఆ వార్డులో 40 బెడ్లు, రాత్రి ఇద్దరే ఆయాలు. వాళ్లను నేను తప్పు పట్టను, పరిగెత్తుతూనే ఉంటారు. కానీ కాలు కదపలేని ఆడవాళ్లున్న వార్డులోంచి మగ అటెండెంట్‌ను రాత్రి బయటికి పంపేటప్పుడు, లోపల వాళ్లను ఎవరు చూస్తారో ఎవరూ ఆలోచించలేదు. ఇంకొకటి, కీలు వేడెక్కి, వాచి, జ్వరం ఉంటే ఎక్స్‌రేల చుట్టూ తిరగకండి, నీళ్లు తీసి పరీక్ష చేయమని అడగండి. మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో చీము తెలియదట. కీలులో చీముంటే రోజుల్లోనే గుజ్జును తినేస్తుందట. మా 9 రోజులు అలా పోయాయి. ఇన్ఫెక్షన్ పూర్తిగా తగ్గాక మోకాలు మార్చాల్సి రావచ్చంటున్నారు.

బావ కారిచ్చి డబ్బు సర్దాడు, చెల్లి పంపింది, అత్తయ్య ఇల్లు చూసుకుంది. వాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి సూది పెట్టిన డాక్టర్ గారికి దండాలు. మోకాలి కింద టవల్ చుట్ట పెట్టి తొడ కండ బిగించడం ఓపిగ్గా నేర్పిన ఫిజియో అమ్మాయికి కూడా. అమ్మ ఈ పొద్దున వాకర్‌తో బాత్రూం దాకా నడిచింది. అయ్యో, మిగిలిన ఇంజెక్షన్ వయల్స్ వెనక్కి తీసుకున్న మందుల షాపు అబ్బాయిని మర్చిపోయాను. అర్ధరాత్రి అమ్మకు చలి వస్తే దుప్పటి ఇవ్వడానికి లోపలికి వదిలిన సెక్యూరిటీ అన్న కూడా. ఆఫీసులో నా పని మీదేసుకున్న ఇద్దరు, మీకు తెలుసు.

దేవరకొండ వైపు వాళ్లెవరైనా ఇది చదివితే, అత్తకు తుంటి ఆపరేషన్ చేయించుకొచ్చిన ఒక అక్క మీ ఊళ్లో ఉంటే నాకు చెప్పండి. అమ్మ ఆమెకు చీర పెట్టాలంటోంది.

ఆస్పత్రి ఎదురుగా ఛాయ్ కొట్టు అన్నకు కూడా థ్యాంక్స్. ఎంతసేపు కూర్చున్నా ఒక్కరోజు లేవమనలేదు.